అత్తగారు మూలగడం మానేశారు

గురువారం ఉదయం పదిన్నరకు ఆసుపత్రి రెండో అంతస్తులో, చక్రాల కుర్చీలు దాచే గదికి ఆనుకుని ఉన్న గదిలో, ఎనిమిది ప్లాస్టిక్ కుర్చీలు వేస్తారు. వాటిలో కూర్చోవలసిన ఎనిమిది మందీ కూర్చోలేకే ఆసుపత్రికి వచ్చినవాళ్ళు. నడుముకు ఆపరేషన్ నిర్ణయమైనవాళ్ళు. మొదటి పది నిమిషాలు మర్యాద కోసం కూర్చుంటారు. ఆ తర్వాత ఒక్కొక్కరే లేచి గోడకు ఆనుకుంటారు, కిటికీ ఊచలు పట్టుకుంటారు. ఒకరిద్దరు మూలనున్న పరీక్ష బల్ల మీద వెల్లకిలా పడుకుని, పైకప్పు వైపు చూస్తూ పాఠం వింటారు. కుర్చీలు వద్దని పాఠం చెప్పే ఆవిడ ఆఫీసుకు చాలాసార్లు చెప్పింది. క్లాసు అన్నాక కుర్చీలు ఉండాలని ఆఫీసు వాళ్ళు అన్నిసార్లూ చెప్పారు.

ఆవిడ ఫిజియోథెరపిస్టు. వయసు నలభై ఆరు. రోగులకూ, లిఫ్టు దగ్గర కూర్చునే మనిషికీ, క్యాంటీన్ వాళ్ళకూ ఆవిడ పేరుతో పని లేదు. అందరికీ ‘నొప్పి మేడం’. “నొప్పి మేడంకి ఒక టీ, పంచదార తక్కువ” అని క్యాంటీన్‌లో కేక వినిపిస్తే కొత్తవాళ్ళు జాలిగా తిరిగి చూస్తారు. మొదట్లో ఈ పిలుపు ఆవిడకు నచ్చేది కాదు. ఇప్పుడు ఫోనెత్తి తనే “నొప్పి మేడంని మాట్లాడుతున్నా” అంటుంది.

ఈ పాఠం పుట్టింది వైద్యశాస్త్రం మీద గౌరవంతో కాదు, ఫోన్ల బాధ పడలేక. అక్కడి సర్జన్ చేతిపని మంచిది. మాట మాత్రం పొదుపు. ఆపరేషన్ అయినవాళ్ళు ఇంటికి వెళ్ళి, నాలుగు రోజులకు నడుము సలిపేసరికి, ఆపరేషన్ చెడిపోయిందని ఫోన్ చేసేవాళ్ళు. కత్తి పడిన చోట కొన్నాళ్ళు నొప్పి ఉంటుందని ఎవరూ వాళ్ళకు చెప్పి ఉండరు. చెప్పవలసిన ఆయనకు తీరిక ఉండదు. చివరికి ఆఫీసు ఒక దారి కనిపెట్టింది. ఆపరేషన్‌కు ముందు ప్రతి రోగీ గంటసేపు ఫిజియోథెరపీ మేడం దగ్గర కూర్చుని నొప్పి అంటే ఏమిటో వినాలి. విన్నాక ఆవిడ ఒక చీటీ మీద సంతకం పెడుతుంది. ఆ చీటీ లేకపోతే ఆపరేషన్ తేదీ ఖాయం కాదు. సర్జన్‌కు ఈ పాఠం మీద నమ్మకం లేదు. ఫోన్లు సగానికి సగం తగ్గాయి కాబట్టి పాఠం చెప్పే మనిషి మీద ఉంది.

పాఠం నిజంగా బాగుంటుంది. వీధిలో ఆపిన కారు అలారంతో మొదలవుతుంది.

“పిల్లి దూకినా కారు అరుస్తుంది, దొంగ వచ్చినా అరుస్తుంది,” అంటుంది మేడం. “అరుపు ఎంత పెద్దగా ఉందో చూసి లోపల దొంగ ఉన్నాడని తేల్చలేం. కొన్ని కార్లకు పాత అలవాటు. ఆకు రాలినా వీధంతా లేపుతాయి. ఏళ్ళ తరబడి నొప్పి పడ్డ నడుము అలాంటి కారు. ఆపరేషన్ తర్వాత కూడా కొన్నాళ్ళు అరుస్తుంది. అరిచినప్పుడల్లా దొంగ పడ్డాడని బెదిరిపోకండి.”

రోగులు నవ్వుతారు. నవ్వితే నడుము పట్టేస్తుంది కాబట్టి కొంచెమే నవ్వుతారు. భయం కొంత తగ్గి, చీటీ తీసుకుని వెళ్తారు. ఏళ్ళ తరబడి ఇదే జరుగుతోంది. పరాయివాళ్ళ నొప్పి గురించి పరాయివాళ్ళకు చెప్పడంలో ఆవిడకు ఆ ఆసుపత్రిలో సాటి లేరు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈవిడ రచ్చ గెలిచి, సాయంత్రం బస్సెక్కి ఇంటికి వెళ్ళేది. ఇంట్లో అత్తగారు ఉండేవారు.

అత్తగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరైన మనిషి. గొంతు పెంచకుండా దూరానికి వినిపించడం ఆ ఉద్యోగంలో అబ్బిన విద్య. రిటైరయ్యాక ఆ విద్య వృథా పోలేదు. ఆవిడకు ఇరవై రెండేళ్ళుగా నడుము నొప్పి. ఆవిడ మూలుగు రెండు గదులు దాటి, వంటింట్లో కుక్కర్ కూతను దాటి వినిపించేది. తెల్లవారగానే ఒక పొడుగు మూలుగు వచ్చిందంటే టీ కావాలని. వెంటవెంటనే రెండు పొట్టివి వస్తే టీవీ రిమోట్ కనపడలేదని. కొడుకు గుమ్మంలో అడుగు పెట్టేటప్పటిది మరో రకం. అందులో ఆ రోజు ఇంట్లో జరిగిందంతా ఉండేది, కోడలి తప్పులతో సహా. కొత్తగా వచ్చినవాళ్ళు కంగారు పడేవాళ్ళు. ఇంట్లోవాళ్ళు ఆ మూలుగును బట్టే గడియారం చూడకుండా లేచేవాళ్ళు.

అంతమాత్రాన నొప్పి అబద్ధం కాదు. నొప్పీ నిజమే, దాని వాడకమూ నిజమే. రెండూ ఒకే మనిషిలో ఉండకూడదని ఏ శాస్త్రంలోనూ లేదు.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఈ చెట్టు నీడకు కూడా పనికిరాదని అత్తగారి అభిప్రాయం. నడుము మీద కోడల్ని ఒక్కసారి చెయ్యి వెయ్యనివ్వలేదు. “రోజంతా ఊళ్ళోవాళ్ళ నడుములు పిసికి వచ్చావు, చాల్లే” అనేవారు. కోడలు కూడా రెండోసారి అడిగేది కాదు. అడగకపోవడం గౌరవమని ఆవిడ అనుకునేది. అలసట అని ఆవిడ భర్త అనుకునేవాడు. ఆయనకు కళ్ళద్దాల దుకాణం ఉంది. ఎదుటి మనిషికి ఏది కనపడుతోందో, ఏది కనపడటం లేదో తేల్చే వృత్తి. ఇంట్లో మాత్రం ఏదీ చూడకుండా ఉండటమే క్షేమమని ఎప్పుడో గ్రహించాడు.

ఆ ఏడాది నొప్పి నడుము వదిలి ఎడమ కాలిలోకి దిగింది. పిరుదు నుంచి మడమ దాకా నిప్పు తీగ లాగినట్టుందని అత్తగారు చెప్పారు. స్కాన్ తీయించారు. వెన్నుపూసల మధ్య ఒక నరం నలిగిపోతోందనీ, ఆపరేషన్ చేస్తే కాలి నొప్పి పోతుందనీ సర్జన్ చెప్పాడు. కాలిలో బలం అప్పటికి బాగానే ఉంది. తొందరేమీ లేదు, మూడు వారాల్లో చేద్దాం, చీటీ తెచ్చుకోండి అన్నాడు.

“ఆ చీటీ ఏదో ఇంట్లోనే సంతకం పెట్టి ఇచ్చెయ్యరాదూ,” అన్నారు అత్తగారు ఆ సాయంత్రం.

“అందరూ వచ్చి వినాల్సిందే అత్తయ్యా. మీకొక్కరికీ వదిలేస్తే ఆఫీసులో మాటొస్తుంది.”

“నొప్పి గురించి నాకు నువ్వు చెప్తావా. ఆ విషయంలో నీకంటే నాకు సీనియారిటీ ఎక్కువ.”

“ఒక్క గంటే కదమ్మా,” అన్నాడు కొడుకు. “నిద్రొస్తే పడుకో. అక్కడ బల్ల కూడా ఉందట.”

“బల్ల మీద పడుకోపెట్టి చెప్తారా. బాగుంది. ముందు పాఠం, తర్వాత కోత.”

గురువారం నాడు అత్తగారు ఇస్త్రీ బట్టలు కట్టుకుని వచ్చి మొదటి వరుసలో కూర్చున్నారు. మిగతా ఏడుగురిలో ఒక లారీ డ్రైవరూ, స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టే టైలర్ మాస్టారూ ఉన్నారు. పది నిమిషాలకు అలవాటు ప్రకారం అందరూ లేచి గోడ పట్టుకున్నారు. అత్తగారు లేవలేదు. కోడలి ముందు లేచి నిలబడటం ఆవిడ రక్తంలో లేదు. నుదుట చెమట పడుతున్నా గంటసేపూ ఆ కుర్చీలోనే ఉన్నారు. అంత నొప్పిని అంతసేపు నోరు మూసుకుని భరించిన రోగి ఆ గదిలోకి అంతకు ముందు రాలేదు. కోడలికి అది కనపడలేదు. అత్తగారు ఒక్కరే కూర్చుని, సూటిగా తన వంక చూస్తున్నారన్నదే కనపడింది.

సున్నా నుంచి పది వరకు మీ నొప్పికి ఎంత ఇస్తారని మేడం అడిగింది.

“ఊరికే ఉంటే ఏడు మేడం,” అన్నాడు లారీ డ్రైవరు. “క్లచ్ తొక్కితే తొమ్మిది.”

“నాది ఆరు,” అన్నాడు టైలర్ మాస్టారు. “స్కూళ్ళు తెరిచే నెలలో మాత్రం లెక్క తెలీదు. చూసుకోవడానికి టైం ఉండదు.”

“మీకు అత్తయ్యా?”

“పన్నెండు.”

“పది వరకే ఉంటుంది.”

“అది నీ లెక్క సంగతి. నా నొప్పి సంగతి కాదు.”

గోడ దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. మేడం కూడా నవ్వి, కారు అలారం సంగతి చెప్పి, అసలు విషయానికి వచ్చింది. ఎన్నో గురువారాలుగా చెప్పిన వాక్యమే అది. నొప్పిని తయారు చేసేది నడుము కాదు, మెదడు. నడుము నుంచి కబురు వెళ్తుంది. అది ప్రమాదమో కాదో మెదడు తేలుస్తుంది. తేల్చాకే నొప్పి.

“అంటే,” అన్నారు అత్తగారు, గొంతు పెంచకుండా, “ఇన్నేళ్ళ నుంచీ నా నొప్పిని నేనే తయారు చేసుకుంటున్నానన్నమాట.”

గోడకు ఆనుకున్నవాళ్ళు మేడం వైపు తిరిగారు.

ఈ ప్రశ్న కొత్తది కాదు. నలుగురు రోగుల్లో ఒకరైనా అడుగుతారు. మేడం దగ్గర దానికి మంచి జవాబు ఉంది. దగ్గరికి వెళ్ళి, భుజం మీద చెయ్యి వేసి, “మీ నొప్పి నూటికి నూరు పాళ్ళూ నిజం. మెదడు తయారు చేసిందంటే అబద్ధమని కాదు. ఆకలి కూడా అక్కడే తెలుస్తుంది, ఆకలి అబద్ధమా?” అంటుంది. ఎంత మొండివాళ్ళయినా మెత్తబడతారు. కానీ ఇరవై రెండేళ్ళలో అత్తగారి భుజం మీద చెయ్యి వేసిన సందర్భం ఆవిడకు గుర్తు లేదు. చెయ్యి లేవలేదు. చెయ్యి లేవకపోవడంతో ఆ మాటలూ రాలేదు. వాటి బదులు వేరే మాట వచ్చింది.

“అందరికీ అంతే అత్తయ్యా. మీదేం ప్రత్యేకం కాదు.”

“వెనకున్నవాళ్ళకి వినపడిందో లేదో,” అన్నారు అత్తగారు. “ఇంకోసారి చెప్పు.”

లారీ డ్రైవరు కిటికీలోంచి బయటకు చూడటం మొదలుపెట్టాడు. క్లాసు అయ్యాక అత్తగారు చీటీ తీసుకుని, నాలుగు మడతలు పెట్టి సంచీలో వేసుకున్నారు. బస్సులో అత్తాకోడళ్ళు పక్కపక్కనే కూర్చుని, రెండు వేర్వేరు ఊళ్ళకు వెళ్తున్నట్టు ప్రయాణం చేశారు.

మర్నాడు ఇంట్లో అందరూ ఆలస్యంగా లేచారు. పొడుగు మూలుగు రాలేదు. అత్తగారు తామే లేచి, గోడ పట్టుకుంటూ వంటింట్లోకి వెళ్ళి, తామే టీ పెట్టుకుని తాగి, గిన్నె కడిగి బోర్లించారు. కొడుకు టీ లేకుండానే దుకాణానికి పరిగెత్తాడు. సాయంత్రం గుమ్మంలో అడుగు పెట్టి, అలవాటుగా ఒక క్షణం ఆగాడు. ఏమీ వినపడలేదు. ఇల్లు తప్పి వచ్చానేమోనన్నట్టు నంబరు పలక వంక చూసుకున్నాడు.

ఆ మర్నాడూ అంతే. వారం తిరిగింది. నడుము ఎలా ఉందని ఎవరైనా అడిగితే “ఏ నడుము?” అనేవారు అత్తగారు. కూతురు ఫోన్ చేస్తే వాతావరణం గురించి మాట్లాడారు. ఆ పిల్ల భయపడి, ఫోన్ పెట్టగానే వదినకు చేసింది.

“అమ్మకేమైంది వదినా? నవ్వుతోంది.”

“క్లాసుకి వచ్చారుగా. నొప్పి తగ్గింది.”

“క్లాసుకే తగ్గిందా? మరి ఇన్నేళ్ళూ ఇంట్లో ఎందుకు చెప్పలేదు నువ్వు?”

కుక్కర్ కూస్తోందని మేడం ఫోన్ పెట్టేసింది. ఆ వారమే అత్తగారు తమ పాత ఉద్యోగపు గొంతుతో ఆసుపత్రికి ఫోన్ చేసి, మర్యాదగా, స్పష్టంగా, ఆపరేషన్ తేదీ రద్దు చేయించారు. సర్జన్ వరండాలో మేడంను ఆపాడు. ఆయన ఏడాదికి ఒక జోకు వేస్తాడు. ఆ ఏడాదిది అప్పుడు వేశాడు.

“మీ అత్తగారు నా బల్ల ఖాళీ చేశారు. ఏం చెప్పారో నాకూ నేర్పండి, మా ఇంట్లో పనికొస్తుంది.”

ఆఫీసు వాళ్ళు నెలవారీ మీటింగులో ఈ సంగతి చెప్పమన్నారు. మేడం చెప్పింది. చప్పట్లు కొట్టారు. మొండి నొప్పి కూడా అవగాహనతో ఎలా శాంతిస్తుందో సొంత ఇంటి ఉదాహరణతో వివరించిన ఆ పది నిమిషాలూ ఆవిడ ఉద్యోగ జీవితంలో మంచి రోజుల కిందే లెక్క. ఇంట్లో ఆ నిశ్శబ్దం కూడా హాయిగానే ఉంది. చాలా ఏళ్ళ తర్వాత వంటింట్లో రేడియో పెట్టుకుంది. నొప్పి చదువు చదివిన మనిషి, రోగి చెప్పకుండానే రోగం పోయిందని నమ్మిందంటే, నమ్మడం అంత సుఖంగా ఉంది మరి.

రేడియో ఆపినప్పుడు చప్పుడు వినపడింది.

అత్తగారు గదిలోంచి హాల్లోకి వస్తున్నారు. ఇంట్లో వేసుకునే రబ్బరు చెప్పులు. కుడి అడుగు మామూలుగా పడుతోంది. ఎడమ అడుగు పడ్డాక ఇంకో చిన్న చప్పుడు. టప్. టపటప్. మడమ ముందు ఆని, ముందరి పాదం తర్వాత వాలుతున్నప్పుడు వచ్చే చప్పుడది. ముందు పాత చెప్పు అనుకుంది మేడం. మర్నాడు ఎడమ చెప్పు ఒక్కటే హాలు మధ్యలో పడి ఉంది. మనిషి వరండాలో కూర్చుని పేపరు చదువుతున్నారు. చెప్పు జారిపోయిందని ఆవిడకు తెలియనే లేదు. కోడలు చెప్పు తెచ్చి కాలి దగ్గర పెట్టింది. అత్తగారు చూసి, “ఓ” అన్నారు. పేపరు తిప్పారు.

ఆ సాయంత్రం అత్తగారి ఎడమ కాలి వేళ్ళు గడపకు తగిలాయి. పడబోయి తలుపు పట్టుకున్నారు. మూలగలేదు.

కోడలికి తన పాఠంలోని కారు గుర్తొచ్చింది. వైరు తెగినా అలారం అరవదు. దొంగ లోపలే ఉన్నా అరవదు. పాఠంలో ఈ రెండో సగం ఆవిడ ఏనాడూ చెప్పలేదు. భయపడ్డవాళ్ళను ఇంకా భయపెట్టడం ఎందుకని వదిలేసింది. నలిగిన నరం చాలా రోజులు గోల చేసి, చివరికి పని మానేస్తే, నొప్పి తగ్గినట్టే ఉంటుంది. పాదం పైకి లేవదు. ఆ నరాన్ని తొందరగా విడిపించకపోతే, తర్వాత విడిపించినా లేవకపోవచ్చు. మిగిలిన జీవితం ప్రతి గడపకూ తట్టుకుంటూ నడవాలి. డెబ్బై ఏళ్ళ మనిషి పడితే విరిగేది నడుము ఒక్కటే కాదు.

“కాలు ఒకసారి పైకెత్తండి అత్తయ్యా,” అంది, మంచం దగ్గరికి వెళ్ళి.

“దేనికి?”

“పాదం మీ వైపుకి వంచండి. చూడాలి.”

“నన్ను మళ్ళీ పాఠంలోకి లాగకు. ఒకసారి అయిందిగా.”

“నొప్పి అసలు లేదా? నిజం చెప్పండి.”

“మెదడు తయారు చెయ్యడం మానేసింది. నీ చలవే.”

“అత్తయ్యా, ఇది పంతాల సంగతి కాదు.”

“ఇన్నేళ్ళూ నిజం చెప్పాను. చెప్పినదానికి అందరి ముందూ సర్టిఫికెట్ ఇచ్చావు. ఇప్పుడు చెప్పకపోయినా తప్పేనా?”

భర్త దగ్గరికి వెళ్ళింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ విన్నాడు.

“నొప్పి లేదంటోంది. టీ పెట్టుకుంటోంది. ఫోన్లో నవ్వుతోంది. ఇప్పుడు తీసుకెళ్ళి కోయించమంటావా?”

“నొప్పి లేకపోవడమే ప్రమాదమండీ. పాదం పడిపోతోంది.”

“మొన్నటిదాకా నొప్పి ఉంటే ప్రమాదం కాదన్నావు. ఇవాళ లేకపోతే ప్రమాదమంటున్నావు. ఏదో ఒకటి చెప్పు. నా దుకాణంలో పవర్ ఇలా వారానికోసారి మారిస్తే ఒక్క గిరాకీ నిలవడు. అమ్మ అడిగితే వెళ్దాం. అమ్మ అడగందే నేను కదపను.”

గోరుచుట్టు మీద రోకటి పోటంటే అదే. ఆవిడ తిరిగి అత్తగారి గదిలోకి వెళ్ళింది. తలుపు దగ్గరగా వేసింది. ఆ ఇంట్లో అంతవరకు ఎవరూ అనని మాట అంది.

“మూలగండి అత్తయ్యా.”

అత్తగారు పేపరు దించారు. “ఏమన్నావు?”

“ఒక్కసారి. ఆయనకి వినపడేలా. నేను వంద చెప్పినా రేపు చూద్దామంటారు. మీరు మూలిగితే ఇప్పుడే టాక్సీ పిలుస్తారు.”

“నేను మూలిగితే నువ్వు కుళాయి తిప్పేదానివి. నీళ్ళ చప్పుడులో వినపడకూడదని. నాకు తెలీదనుకున్నావా?”

కోడలు కాదనలేదు. ఆ మాటకు కాదనకపోవడం అత్తగారికి కొత్తగా అనిపించి ఉండాలి. దుప్పటి పక్కకు తీసి ఎడమ కాలు బయటపెట్టారు.

“ఇది నాది కానట్టుంది,” అన్నారు, ఎక్స్ఛేంజీ గొంతుతో కాదు, మామూలు గొంతుతో. “మొదటి నాలుగైదు రోజులు నొప్పుంది. పళ్ళు బిగబట్టి ఊరుకున్నాను. తర్వాత అదే పోయింది. గెలిచాననుకున్నాను.”

“పాదం లేపండి.”

బొటనవేలు కదిలింది. పాదం లేవలేదు.

“రేపు పొద్దున్నే వెళ్దాం అత్తయ్యా. దీనికి రోజులు లేవు.”

“వస్తాను. కానీ ఊరికే రాను. ఆ రోజు ఎంతమంది ముందు అన్నావో అంతమంది ముందూ చెప్పు. నాది నిజం నొప్పని.”

“అందర్నీ ఎక్కణ్ణించి తేను?”

“అది నీ తంటా. అనేటప్పుడు దొరికారుగా.”

బేరం సాగింది. ఆ రోజు క్లాసులో ఉన్నవాళ్ళలో ముగ్గురు ఆపరేషన్ అయి ఇంకా వార్డులోనే ఉన్నారని కోడలు చెప్పింది. ముగ్గురికి అత్తగారు ఒప్పుకున్నారు. అందులో లారీ డ్రైవరు ఉండాలన్నారు, అతను ఆ రోజు ముఖం తిప్పుకుని కిటికీలోంచి బయటకు చూశాడు కాబట్టి. ఉన్నాడని చెప్పింది. ఆ తర్వాత కొడుకును పిలిచి, అత్తగారే చెప్పారు. “పొద్దున్న ఆసుపత్రికి వెళ్ళాలి. కాలు బాగాలేదు.” ఆయన “సరే అమ్మా” అన్నాడు. మారు ప్రశ్న లేదు. కోడలు గంటసేపు మొత్తుకున్నది ఐదు మాటల్లో అయిపోయింది.

పొద్దున్న నొప్పి మేడం అత్తగారిని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి మూడో అంతస్తుకు తోసుకెళ్ళింది. వార్డులో డ్రైవరు పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు. రెండు మంచాల అవతల టైలర్ మాస్టారు. కిటికీ దగ్గర, ఆ రోజు ఒక్క మాటా మాట్లాడని ఒక బ్యాంకు గుమాస్తా. మేడం మంచాల మధ్య నిలబడింది. గురువారం గురువారం గదినిండా జనం ముందు గంటసేపు మాట్లాడే మనిషి, డ్రైవరు మంచం కమ్మీ పట్టుకుని మొదలుపెట్టింది.

“క్లాసులో ఆ రోజు మా అత్తయ్యని ఒక మాటన్నాను,” అంది. “మీదేం ప్రత్యేకం కాదని. అది తప్పు. ఆవిడది నిజం నొప్పి. మొదట్నుంచీ నిజమే.”

ఆపరేషన్ అయినవాళ్ళకు ఉదయం పూట ఇటువంటివి అర్థం కావడానికి కొంచెం టైం పడుతుంది.

“మాకు తెలుసు మేడం,” అన్నాడు లారీ డ్రైవరు చివరికి. “ఆ కుర్చీలో గంటసేపు కూర్చున్నారు పెద్దమ్మ. నేను పది నిమిషాలు కూర్చోలేకపోయా. ఆ రోజే అనుకున్నాం, ఈవిడకి మా అందరికంటే ఎక్కువే ఉందని.”

“మీకే తెలీలేదు,” అన్నాడు టైలర్ మాస్టారు, దిండులోకి.

అత్తగారు కుర్చీలో ఇంకొంచెం నిటారుగా కూర్చున్నారు. గుమాస్తా వైపు చూశారు. అతను కూడా తల ఊపాడు. ఒప్పందం ప్రకారం ముగ్గురు.

అంతలో రౌండ్స్‌కు సర్జన్ వచ్చాడు. రద్దయిన రోగి తన వార్డు మధ్యలో సభ జరుపుతుంటే చూసి ఆగాడు. మేడం రెండు ముక్కల్లో చెప్పింది. ఆయన వంగి, అత్తగారి ఎడమ పాదాన్ని రెండు వేళ్ళతో కిందికి నొక్కి, ఎదురు లాగమన్నాడు. ఎదురు రాలేదు. పిన్నుతో పాదం పైభాగం గుచ్చాడు. అత్తగారు ఆయన ముఖం వంకే చూస్తున్నారు, గుచ్చింది తనను కానట్టు.

“ఎన్నాళ్ళయింది?” అని అడిగాడు.

“క్లాసు అయినప్పట్నుంచీ బాగానే ఉందనుకున్నాం,” అంది మేడం.

సర్జన్ మర్నాడు ఉదయం మొదటి ఆపరేషన్‌గా వేసుకున్నాడు. చీటీ ఉందా అని ఆపరేషన్ విభాగం గుమాస్తా అడిగితే, అత్తగారు సంచీలోంచి నాలుగు మడతల కాగితం తీసి ఇచ్చారు.

ఆపరేషన్ రెండు గంటలు పట్టింది. నరం విడిపించారు. బయటికి వచ్చిన సర్జన్ కొడుకుతో, “కొంత వస్తుంది. ఎంత వస్తుందో ఆ నరం చెప్పాలి. పది రోజుల ముందు వచ్చుంటే ఈ మాట అనేవాణ్ణి కాదు,” అన్నాడు. కొడుకు భార్య వంక చూశాడు. ఆవిడ నేల వంక చూసింది.

సాయంత్రానికి అత్తగారికి మెలకువ వచ్చి, కోత దగ్గర నొప్పి మొదలైంది. నర్సు వచ్చి, సున్నా నుంచి పది వరకు ఎంత ఉందో చెప్పమంది.

“మా కోడల్ని అడుగు. ఆ తయారీ వ్యవహారమంతా తనకే తెలుసు.”

“ఆవిడ ఎంతంటే అంత రాయమ్మా,” అంది నొప్పి మేడం, మంచం పక్క నుంచి.

“పదకొండు,” అన్నారు అత్తగారు.

నర్సు మేడం వంక చూసింది. మేడం తల ఊపింది. నర్సు పది వేసి, పక్కన కూడిక గుర్తు పెట్టుకుంది.

ఇప్పుడు అత్తగారు బూటులో ఒక ప్లాస్టిక్ పట్టీ పెట్టుకుని నడుస్తారు. పాదం జారిపోకుండా అది ఎత్తి పడుతుంది. పట్టీ లేకుండా పాదం నేల నుంచి రెండు వేళ్ళ ఎత్తు లేస్తోంది. రోజూ పొద్దున్న కోడలు ఆ పాదం కింద అరచెయ్యి పెట్టి వ్యాయామం చేయిస్తుంది. ఇరవై రెండేళ్ళ తర్వాత దొరికిన రోగి కాబట్టి వదిలిపెట్టదు. అత్తగారు మధ్యలో మూలుగుతారు. కోడలు ఆపి, ఎక్కడ, ఎలా ఉందని అడుగుతుంది. అడగడం ఎక్కువైపోయిందని అత్తగారి కొత్త ఫిర్యాదు. కూతురికి ఫోన్‌లో అదే చెప్తున్నారు.

పాఠం కూడా కొంచెం మారింది. అలారం కథకు ముందు, నొప్పి ఎంతని అడగడానికి కూడా ముందు, అందర్నీ గోడ పట్టుకుని మడమల మీద నిలబడమంటోంది మేడం. కాలి వేళ్ళు, ముందరి పాదం గాలిలోకి లేవాలి. పాఠం అంటే మాటలే, పరీక్ష డాక్టర్ల పని అని ఆఫీసు వాళ్ళు ఒక కాగితం పంపారు. దానికి ఆవిడ ఇంకా జవాబు ఇవ్వలేదు.

మొదటిసారి అలా నిలబెట్టిన గురువారం, గదిలో ఎనిమిది మంది ఉన్నారు. ఆరుగురు నిలబడ్డారు. ఇద్దరు నిలబడలేకపోయారు. ఆ ఇద్దరిలో ఒకాయన, వారం నుంచి నొప్పి బాగా తగ్గింది, ఆపరేషన్ మానుకుందామనుకుంటున్నానని చెప్పడానికే వచ్చాడు. పాఠం మొదలుపెట్టకుండానే మేడం ఆ ఇద్దరినీ కింది అంతస్తుకు, సర్జన్ దగ్గరికి పంపించింది.